పదిహేనేళ్లుగా కదలని 1974 అంబాసిడర్: మొదట ఏ పని చేయించాలి?

ప్రశ్న: హంటర్‌రోడ్ వాసి

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం చేసిన మా బాపు, 1983లో ఒక డాక్టరు గారి దగ్గర 1974 నాటి అంబాసిడర్ మార్క్ టూ కారును కొన్నారు. మిర్చి సీజనులో ఊళ్లకు తిరగడానికి, రెండేళ్లకొకసారి మేడారం జాతరకు, చివరకు మా అక్క అప్పగింతలకు కూడా అదే కారు. 2010 ఎండాకాలంలో కంటిచూపు మందగించడంతో బాపు దానిని ఇంటి వెనుక రేకుల షెడ్డులో నిలిపారు. అది మళ్లీ కదలలేదు. నిరుడు ఆయన కాలం చేశారు.

పాత ఇనుము కింద అమ్మేద్దామని మా తమ్ముడు అంటున్నాడు. పదిహేనేళ్లు దాటిన బండ్లన్నింటినీ ప్రభుత్వం తుక్కు చేయిస్తున్నదని అతని వాదన. నాకు మనసొప్పడం లేదు. పోయిన ఆదివారం మాకు తెలిసిన మెకానిక్ ఒకరు వచ్చి చూసి, కొత్త బ్యాటరీ, రెండు లీటర్ల పెట్రోలు తెప్పిస్తే గంటలో స్టార్ట్ చేసి చూపిస్తానన్నారు. ఆశ పుట్టిన మాట నిజమే గాని, ఎందుకో వెనుకాడి, వారం రోజులు ఆగమని చెప్పి ఇక్కడ అడుగుతున్నాను.

ఆయనను స్టార్ట్ చేయనివ్వవచ్చా? బాపు పేరు మీదే ఉన్న, 2012లోనే గడువు తీరిన రిజిస్ట్రేషనును ఇప్పుడు నా పేరుకు మార్చి పునరుద్ధరించుకోవడం సాధ్యమేనా? ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు ఈ ఇంజనుకు పడుతుందా? రోజూ తిప్పాలన్న ఉద్దేశం లేదు. ఆదివారం పూట రామప్పకో, పాకాల చెరువుకో పిల్లలను తీసుకుపోగలిగితే చాలు.

జవాబు: ములుగు రోడ్డు పానా

మీరు వెనుకాడడమే మంచిదైంది. వరంగల్‌లో ముప్పై ఏళ్లకు పైగా పానా పట్టినవాడిగా చెబుతున్నాను: ఏళ్ల తరబడి నిలిచిన బండికి స్టార్ట్ చేయడమన్నది చివరి పని కావాలి, మొదటి పని కాకూడదు. ఆ మెకానిక్ గారు అబద్ధం చెప్పలేదు. గంటలో స్టార్ట్ అవుతుంది కూడా. ఆ తర్వాత అరనిమిషంలో జరిగే నష్టాన్ని సరిచేయడానికే ఆరు నెలలు పడుతుంది.

పదిహేనేళ్లలో ట్యాంకులోని పెట్రోలు ఆవిరై, అడుగున బంక మిగిలి, పైభాగమంతా తుప్పు పట్టి ఉంటుంది. మీరు పోసే రెండు లీటర్లు ఆ బంకను కరిగించి, తుప్పుతో సహా పంపులోకి, కార్బురేటరులోకి చేరుస్తాయి. బేరింగుల మధ్య ఉండవలసిన ఆయిలు పొర ఎప్పుడో కిందికి జారిపోయింది. రింగులు సిలిండరు గోడలకు ఎండిపోయి అతుక్కుని ఉంటాయి. ఒక్క వాల్వు గైడులో బిగుసుకుని ఉన్నా, సెల్ఫ్ కొట్టగానే దానిని కదిలించే కడ్డీ, అంటే పుష్‌రాడ్, వంగిపోతుంది. సెల్ఫ్ మోటారుకు బలమే గాని చేతికి ఉన్న తెలివి లేదు. ఎక్కడ అడ్డం పడిందో అది ఆగి చూడదు.

కాబట్టి ఇలా చేయండి. ముందుగా నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో రెండు చెంచాల ఇంజనాయిల్, డీజిల్ సగం సగం కలిపి పోసి, కనీసం నాలుగు రోజులు వదిలేయండి. ఈలోగా ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు గొట్టం చూడండి. రేకుల షెడ్డు అన్నారు కాబట్టి ఎలుక గూడు ఉండే తీరుతుంది. పాత ఆయిలును దించి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిలు పోయండి. దించిన ఆయిలు కంటే ముందు నీళ్లు వస్తే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఆ తర్వాత ట్యాపెట్ కవరు తీసి పక్కన పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు వైపు నుంచి హ్యాండిల్ రాడ్ పెట్టి చేత్తో తిప్పండి. బొటనవేలిని మిగతా వేళ్లతో ఒకే వైపున ఉంచి పట్టుకోవాలి, చుట్టూ బిగించకూడదు. ప్లగ్గులు లేనప్పుడు రాడ్ ఎదురు తన్నదు గాని, ఈ అలవాటు లేక మణికట్టు విరగ్గొట్టుకున్నవాళ్లను నేను ఇద్దరిని చూశాను.

తిరిగితే, ఎనిమిది వాల్వులూ వరుసగా దిగి లేస్తున్నాయో లేదో కళ్లతో చూడండి. అప్పుడే ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకూ దానిని నొక్కే రాకరుకూ మధ్య సందు, 15 థౌకు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సరిచేసుకోవచ్చు. దీనికి తొమ్మిది లెక్క ఒకటి ఉంది: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటో దాని గ్యాప్, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండో దాని గ్యాప్ చూడాలి. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల గ్యాప్ కూడా 15 థౌ, ప్లగ్గుకు 25. బ్యాటరీ బిగించే ముందు బాడీకి ఏ టెర్మినల్ ఎర్త్ చేసి ఉందో చూడండి. ఆ తరం బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉన్నవి కూడా ఉన్నాయి.

ఇంజను గురించి ఇంత రాశాను గాని, మీ బండిలో నాకు అసలు భయం బ్రేకుల గురించి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, సాయపడే బూస్టరు లేదు, అన్నింటికంటే ముఖ్యంగా మొత్తం బండికి ఒకే బ్రేకు లైను. ఇప్పటి కార్లలో ఒక లైను తెగితే రెండోది ఆదుకుంటుంది. ఇందులో ఏ చక్రం దగ్గర ఏ రబ్బరు పోయినా నాలుగూ పోయినట్టే. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వీల్ సిలిండర్ల లోపల ఇప్పటికే గుంటలు పడి ఉంటాయి. నాలుగుసార్లు తొక్కితే పెడల్ గట్టిపడుతుంది, బాగానే ఉందనిపిస్తుంది. మూడో రోజు కాజీపేట వంతెన దిగుతున్నప్పుడు కాలు నేలకు ఆనుతుంది. మాస్టరు సిలిండరు, వీల్ సిలిండర్ల కిట్లు, రబ్బరు హోసులు ఏదీ మిగల్చకుండా మార్పించండి. డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి పొడిని గాలి కొట్టి ఊదనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడవాలి.

ఖర్చు సంగతి మీరు అడగలేదు గాని, దానిని తేల్చేది ఇంజను కాదు, టింకరింగ్, అంటే బాడీ రేకు పని. అంబాసిడర్‌కు లారీలాగా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బలం. తలుపుల కింది పట్టీలు, నేల రేకు, స్ప్రింగు కమాన్లు బిగించిన చోట్లు తుప్పు తింటే బండి నడుము పోయినట్టే. ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి ఆ చోట్ల ఆనించి చూడండి; పట్టుకోకుండా జారిపోయిన చోటల్లా రంగు కింద లప్పమే ఉందని అర్థం. ఇంజను సామాను గురించి దిగులు వద్దు, అంబాసిడర్ 2014 దాకా తయారైంది. అయితే మార్క్ టూకే ప్రత్యేకమైన ముందు జాలీ, దీపాల చుట్టూ ఉండే రింగులు, తలుపుల పిడులు దొరకడం కష్టం. సొట్ట పడ్డవైనా పారేయనివ్వకండి. టైర్లు మాత్రం అన్నింటికంటే చివర కొనండి. ముందే కొంటే టింకరింగ్ షెడ్డులో నిలబడి అవి కూడా పాతబడతాయి.

జవాబు: గోదావరిఖని లారీ

పానా అన్నగారు చెప్పినదంతా డీజిల్ బండ్లకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. మా నాయిన నడిపిన టాటా 1210 లారీ ఒకటి మా ఇంటి ముందు తొమ్మిదేళ్లు నిలిచి ఉంది. టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) వాళ్లు 1954లో డైమ్లర్ బెంజ్‌తో చేసుకున్న పదిహేనేళ్ల ఒప్పందం 1969లో ముగిశాక, లారీల ముందున్న మూడు కొనల నక్షత్రం పోయి 'టి' గుర్తు వచ్చింది. మాది ఆ 'టి' గుర్తు బండి. క్యాబిన్ అప్పటి పద్ధతి ప్రకారం వడ్రంగుల చేత టేకుతో కట్టించినది. అది ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

నేను మీలాగా ఆగకుండా తొందరపడ్డాను, పైగా ఆపేవాళ్లు లేరు. ఫిల్టర్లు మార్చి, హ్యాండ్ పంపు కొట్టి గాలి తీసి, సెల్ఫ్ కొట్టాను. రెండో తిప్పుకే అందుకుంది. సంతోషపడేలోగానే ఇంజను అరుపు పెరగడం మొదలైంది, యాక్సిలరేటరు మీద కాలు లేకపోయినా పెరుగుతూనే పోయింది. స్టాప్ కేబుల్ లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. తొమ్మిదేళ్లలో డీజిల్ వార్నిషులా గట్టిపడి, ఇంజెక్షన్ పంపులో డీజిల్ మోతాదును మార్చే కడ్డీ, అంటే ర్యాక్, పూర్తి డీజిల్ ఇచ్చే చోట బిగుసుకుపోయిందని తర్వాత తెలిసింది. పక్కింటి పాత డ్రైవరు బాబాయి పరుగెత్తుకొచ్చి, ఎయిర్ ఫిల్టరు గొట్టాన్ని లాగేసి, ఆ నోటికి పీట చెక్కను అదిమిపట్టాడు. గాలి అందక ఇంజను ఆగింది. గోనెసంచి పెడదామని నేను పరుగెత్తాను గాని, సంచినైతే ఇంజను లోపలికి లాగేసుకునేదట. తెరిచి చూస్తే రెండు పుష్‌రాడ్లు వంగి ఉన్నాయి. అంతటితో పోయిందని అందరూ నన్ను అదృష్టవంతుడన్నారు.

ఈ చర్చను ఎవరైనా పాత డీజిల్ బండి యజమాని చదువుతుంటే, సెల్ఫ్ కొట్టే ముందు పంపు పక్క మూత తీసి, ర్యాక్ వేలితో ముందుకూ వెనక్కూ స్వేచ్ఛగా జరుగుతుందో లేదో చూసుకోవాలి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ గొట్టం విప్పి, వెడల్పాటి చెక్కతో ఒక మనిషిని అక్కడ నిలబెట్టుకోవాలి.

జవాబు: కాగితాల సంచి

తుక్కు గురించి మీ తమ్ముడి వాదనలో రెండు మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషనును పునరుద్ధరించడం లేదు; అది సర్కారు బండ్లకు సంబంధించిన నిబంధన. పాత బండ్ల మీద వయసును బట్టి ఆంక్షలు వచ్చింది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలకు. మన దగ్గర సొంత కారు తనిఖీలో నిలబడితే, ఐదేళ్లకొకసారి చొప్పున రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు.

మొదట పేరు మార్పు కావాలి. యజమాని చనిపోయినప్పుడు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో దరఖాస్తు చేయాలి. మీకు ఆ గడువు దాటింది కాబట్టి జరిమానా ఉంటుంది గాని, దారి మూసుకుపోలేదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ తమ్ముడు, అక్క అభ్యంతరం లేదని రాసిచ్చే పత్రం సిద్ధం చేసుకోండి. తమ్ముడి మనసు మార్చే పని బండి పని కంటే ముందు పెట్టుకోవాలన్నమాట.

తర్వాత ఫారం 25తో పునరుద్ధరణ. 2022 ఏప్రిల్‌లో కారుకు 5,000 రూపాయలైన రుసుము, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 అయింది. గ్రీన్ ట్యాక్స్ దీనికి వేరు. గడువు దాటినందుకు నెలకు 500 చొప్పున అదనపు రుసుము ఉంది. మీ బండికి దానిని ఏ నెల నుంచి లెక్కిస్తారో కౌంటరులో అడిగి, ఆ తర్వాతే టింకరింగ్‌కు డబ్బు తీయండి. మూడక్షరాల పాత నంబరు శాఖ కంప్యూటరులో కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు అసలు ఆర్‌సీ పుస్తకం చూపించి బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాలను కంప్యూటరులోకి ఎక్కించడం, చేయించుకోవాలి. ఆ పుస్తకం బాపు బీరువాలో ఎక్కడుందో ఈ రోజే వెతకండి.

మీ కారుకు యాభై ఏళ్లు దాటాయి కాబట్టి 2021 జూలైలో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద కూడా నమోదు చేయించుకునే వీలుంది. దానికి 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు. కొత్తగా ఇచ్చే నంబరులో 'వీఏ' అన్న అక్షరాలు వస్తాయి. అయితే ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనం పోయించుకోవడానికి తప్ప మామూలుగా రోడ్ల మీద తిప్పకూడదు. పిల్లలతో రామప్ప పోవాలన్నది మీ కోరిక కాబట్టి, నన్నడిగితే మామూలు పునరుద్ధరణే మీకు తగినది.

ఒక జాగ్రత్త. తనిఖీలో ఛాసిస్ నంబరును పెన్సిలుతో అచ్చు తీస్తారు. అది ఎక్కడుందో ముందే గుర్తించి, దాని మీద టేపు అంటించి, టింకరింగ్, పెయింటింగ్ చేసేవాళ్లకు చూపించి చెప్పండి. ఎమరీ పట్టి ఆ అంకెలను అరగదీశారంటే, తర్వాత ఎంత తిరిగినా పని జరగదు. తనిఖీకి తీసుకుపోయేటప్పుడు కూడా నడిపించకుండా రికవరీ వ్యాను మీదే తీసుకుపోవడం క్షేమం.

జవాబు: కరీంనగర్ పద్మిని

నేను 1986 ప్రీమియర్ పద్మిని నడుపుతున్నాను, అందుకే పెట్రోలు సంగతి వరకే రాస్తాను. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బురేటరులో అదే జెట్టుతో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) ఇంజనుకు గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది. వేడెక్కడం, యాక్సిలరేటరు తొక్కగానే తడబడడం దాని లక్షణాలు. ఒక సైజు పెద్ద మెయిన్ జెట్టు వేయించాక నా బండి సర్దుకుంది. మీది ఎస్‌యు కార్బురేటరు అయితే అడుగునున్న నట్టుతోనే మిశ్రమాన్ని చిక్కబరచుకోవచ్చు.

అంతకంటే పెద్ద చిక్కు రబ్బరుతో ఉంది. పాత హోసులు, పంపు డయాఫ్రం, కార్క్ గ్యాస్కెట్లు ఇథనాల్‌కు మెత్తబడి పగులుతాయి. నా బండిలో వేడి మ్యానిఫోల్డు పక్కనే హోసు చెమట పట్టినట్టు తడిసి ఉండడం అదృష్టవశాత్తు పగటిపూట కంటపడింది. ఇథనాల్‌కు ఆగే వైటాన్ రబ్బరు హోసు అని అడిగి కొనండి, పంపు కిట్ కూడా ఇథనాల్‌కు ఆగేదే వేయించండి. బండిని నెలల తరబడి నిలిపే పక్షంలో ట్యాంకులో ఈ పెట్రోలును ఉంచకండి. అది తేమను పీల్చుకుని, ఒక స్థాయి దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగున వేరుపడి, ట్యాంకును లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి.

మన ఎండలకు ఇంకొకటి ఉంది. రామగుండం వైపు మే నెలలో మధ్యాహ్నం పూట పోతే, పంపులో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. తడిగుడ్డను పంపు మీద చుట్టి పది నిమిషాలు ఆగితే మళ్లీ కదులుతుంది. చాలామంది ఎలక్ట్రిక్ పంపు పెట్టించమంటారు. నేను ఒప్పుకోను, ప్రమాదంలో హోసు తెగితే ఆ పంపు పెట్రోలును చిమ్ముతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదిలోపు ఇల్లు చేరడమే నా పద్ధతి.

సీసం లేని పెట్రోలు వల్ల వాల్వు సీట్లు అరుగుతాయని ఎవరైనా భయపెడతారు. సీసం కలిసిన పెట్రోలు మన దేశంలో 2000 సంవత్సరంతోనే ఆగిపోయింది, మీ బాపు ఆ తర్వాత పదేళ్లు నడిపారు. ట్యాపెట్ గ్యాప్ మాటిమాటికీ తగ్గిపోతున్నట్టు కనిపిస్తే అప్పుడు గట్టి సీట్లు వేయించుకోవచ్చు. ఆ ఖర్చు ఇప్పుడే వద్దు.

ప్రశ్న అడిగినవారు: హంటర్‌రోడ్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఆర్‌సీ పుస్తకం బీరువాలో కాదు, కారు డ్యాష్‌బోర్డు అరలోనే దొరికింది. అంచులు చెదలు తిన్నాయి గాని అంకెలన్నీ కనిపిస్తున్నాయి. ఎయిర్ ఫిల్టరులో ఎలుక గూడు ఉంది, అందులో మా అక్క పెళ్లి శుభలేఖ ముక్కలు కూడా ఉన్నాయి. అయస్కాంతం కుడివైపు కింది పట్టీ మీద రెండు జానల మేర నిలవలేదు, మిగతా చోట్ల పట్టుకుంది. దించిన ఆయిలు నల్లగా ఉంది, నీళ్లు రాలేదు.

అన్నగారు చెప్పినట్టు ఆయిలు, డీజిలు కలిపి పోసి ఆరు రోజులు ఉంచాను. ఈ పొద్దున హ్యాండిల్ పెడితే పావు చుట్టు తిరిగి ఆగింది. వెనక్కి తెచ్చి మళ్లీ తిప్పితే సరిగ్గా అదే చోట ఆగుతున్నది. మా మెకానిక్ గారు రాడ్‌కు పైపు తొడిగి బలంగా తిప్పుదామంటున్నారు. తిప్పనివ్వాలా?

జవాబు: ములుగు రోడ్డు పానా

తిప్పనివ్వకండి. ప్రతిసారీ అదే చోట ఆగుతున్నదంటే ఏదో ఒక సిలిండరులో తుప్పు గీత అంచు కట్టి ఉండాలి, లేదా తెరుచుకునే ఉండిపోయిన వాల్వుకు పిస్టన్ తగులుతూ ఉండాలి. రెండింటికీ హెడ్ విప్పడమే మందు. మీ ఇంజనులో రాకర్ స్టాండుల నట్లు కొన్ని హెడ్‌ను పట్టి ఉంచే స్టడ్లవే కాబట్టి, రాకర్ విప్పే ముందే రేడియేటరులో, బ్లాకులో మిగిలిన నీళ్లు పూర్తిగా దించేయాలి. నట్లను ఒకేసారి ఊడదీయకుండా, ఎదురెదురుగా ఒక్కో పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ పోవాలి.

పుష్‌రాడ్లు తీసేటప్పుడు ఒక అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు పొడిచి, అంకెలు వేసి, ఏ రంధ్రానిది ఆ రంధ్రంలోనే గుచ్చి పెట్టండి. ఏళ్లుగా ఒకదానికొకటి అరిగి జతపడ్డవి, మారిపోతే చప్పుడు చేస్తాయి. హెడ్ లేచాక నాలుగు సిలిండర్ల ఫొటోలు ఇక్కడ పెట్టండి, రీబోర్ (సిలిండరును లోపల కోసి పెద్దది చేయడం) కావాలో, సన్న ఎమరీతో సరిపోతుందో చూసి చెబుతాను.